సర్వపిండి నుండి పఫ్ వరకు

బేకరీ అనగానే మనకు నగరము గుర్తుకు వచ్చును. పొరలు పొరలుగా విడిపోయే పఫ్, క్రీము పూసిన పేస్ట్రీ, కూరయో మాంసమో లోపల దాచుకొన్న పై, ఇవన్నియు దొరల వెంట వచ్చి, హైదరాబాదులో దిగి, అక్కడినుండి బస్సెక్కి పల్లెలకు చేరినవని మన తలంపు. ఇది సగమే నిజము. బేకరీ పొయ్యి వచ్చినది బయటినుండియే. విద్య మాత్రము అంతయు బయటిది కాదు. కరీంనగరమునకు ఉత్తరముగా సుమారు 20 కిలోమీటర్ల దూరమున నున్న చొప్పదండిలోను, ఆ చుట్టుపట్ల ఊళ్ళలోను చేసుకొనే రెండు పిండివంటలను పరిశీలించినచో ఈ సంగతి తేటపడును.

మొదటిది సర్వపిండి. కొందరు సర్వప్ప అందురు, కొందరు గిన్నెప్ప అందురు. బియ్యపు పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారము, కరివేపాకు కలిపి, లోతైన గిన్నె లోపలి వైపున పలుచగా ఒత్తి, వ్రేలితో అక్కడక్కడ గుంటలు చేసి, వానిలో నూనె చుక్కలు వేసి, మూత పెట్టి సన్నని సెగమీద ఉంచుదురు. నూనెలో తేలించుట లేదు, ఆవిరి మీద ఉడికించుట లేదు. అడుగున తగిలిన వేడి గిన్నె గోడల వెంబడి పైకి ప్రాకి, మూత క్రింద నిలిచి, పిండిని నలువైపులనుండి కాల్చును. దీనిని బేకింగ్ అనక మరేమందుము? గిన్నె చల్లారిన పిమ్మటనే రెండవది ఒత్తవలెను, లేనిచో పిండి గోడకు పట్టదు. అందుచేత తెలిసిన ఇల్లాలు రెండు గిన్నెలు పెట్టుకొని, ఒకటి కాలుచుండగా మరియొకటి నీటితో చల్లార్చుకొనును. ఏ పుస్తకములోను లేని ఈ ఉపాయము తల్లి ప్రక్కన కూర్చున్న పిల్లకు మాత్రమే పట్టుబడును.

రెండవది గరిజె. కోస్తావారు కజ్జికాయ అందురు. కన్నడిగులకు ఇది కరజికాయి, మహారాష్ట్రులకు కరంజి, ఉత్తరాదివారికి గుజియా. గరిజె అను మాట కజ్జికాయకంటె ఆ కన్నడ, మరాఠీ మాటలకే దగ్గరగా వినిపించుటలో వింత లేదు. చొప్పదండికి సమీపముననే గంగాధర మండలములోని కురిక్యాల బొమ్మలగుట్టపై, వేములవాడ చాళుక్యుల కాలమున, పదవ శతాబ్దిలో, పంపకవి తమ్ముడు జినవల్లభుడు వేయించిన శాసనములో సంస్కృతము, కన్నడము, తెలుగు మూడును ఉన్నవి. మూడు భాషలు ఒకే రాతిపై ఇమిడిన సీమలో వంటకముల పేర్లు సరిహద్దులు దాటుట సహజమే.

గరిజెలోని నేర్పు మూడు చోట్ల ఉన్నది. పిండి తడుపుటకు ముందే కాచిన నూనె పోసి చేతితో రాచి కలుపుదురు. నూనె పట్టిన పిండిలో జిగి సాగదు. కనుకనే పెంకు కరకరలాడును. ఫ్రెంచివాడు వెన్నతో చేయునదియు ఇదియే. పుట్నాల పొడి, ఎండుకొబ్బరి, నువ్వులు, బెల్లమో చక్కెరయో కలిపిన పూర్ణము పొడిగా ఉండవలెను. తడి ఉన్నచో మూకుడులో గరిజె పగిలి, నూనె అంతయు పాడగును. ఇక అంచు. బొటనవ్రేలితో ఒక్కొక్క మడత తిప్పుచు మూసిన అంచును చూచి, చేసిన చేయి ఎవరిదో చెప్పగల ముసలమ్మలు కలరు.

ఈ పూర్ణపు వంటల చరిత్ర వెదకబోయినచో రాజుల పుస్తకములే ఎదురగును. కళ్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతమున కూర్చిన మానసోల్లాసములో మండకము, పోళిక వంటి భక్ష్యములు కలవు. ఇబ్న్ బతూతా పదునాల్గవ శతాబ్దిలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ విందులలో మాంసము, బాదము, పిస్తా కూరిన సంబూసకమును చూచి వ్రాసినాడు. 1323లో ఓరుగల్లును పట్టినవాడు యువరాజుగా నున్న ఆ తుగ్లకే. కోటలు కూలుట శాసనములకు ఎక్కును. వంటలు చేతులు మారుట ఎక్కదు. మాటలు మాత్రము సాక్ష్యము చెప్పును. సద్దుల బతుకమ్మకు మన ఆడబిడ్డలు నైవేద్యముగా పెట్టే మలీద పేరు పారసీకము, నలిపినది అని అర్థము. హైదరాబాదు పెండ్లి విందులలో మొదట వడ్డించే నలుచదరపు ఖీమా లుక్మీ పేరునకు మూలమైన అరబ్బీ మాటకు అర్థము ముద్ద. లుక్మీ కూడ నూనెలో వేగునదే, పొయ్యిలో కాలునది కాదు.

మరి పొయ్యి? 1798 సంధి పిమ్మట ఇంగ్లీషు సేనలు నిజాము రాజ్యమున నిలిచి, 1806లో సికింద్రాబాదు అను పేరు వెలసినది. తెల్ల సిపాయికి రొట్టె లేనిదే దినము గడవదు. తరువాత ఇరానీలు వచ్చి చాయ్ హోటళ్ళతో పాటు బేకరీలు నడిపినారు. దేశ విభజన తరువాత సింధునుండి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నాని 1953లో మొజంజాహి మార్కెటు వద్ద కరాచీ బేకరీ స్థాపించినారు. ఈ పొయ్యిలవద్ద పని నేర్చినవారు మగవారు. రాత్రియంతయు మేల్కొని పిండి పిసికి, తెల్లవారుసరికి సైకిళ్ళకు సరకు అందించినవారు.

వారు నేర్చినదానిలో కష్టమైనది పఫ్. పిండి రేకుపై కొవ్వు పరచి, మడిచి, వత్తి, మరల మడిచి పొరలు కట్టవలెను. వేడి తగులగానే పిండిలోని నీరు ఆవిరియై పొరలను లేపును. గరిజెకు శత్రువైన తడియే ఇక్కడ మిత్రము! కాని కొవ్వు కరగిపోయినచో పొరలు అంటుకొనును. ఎండ 44 డిగ్రీలు దాటుట అరుదు కాని మన సీమలో వెన్న నిలుచునా? కనుక తేలికగా కరగని వనస్పతి ఆధారమైనది. 1937లో వచ్చిన డాల్డా బేకరీలవారికి చేసిన ఉపకారము అంతింత కాదు. ఆరోగ్యమునకు చేసిన అపకారము వేరొక ప్రసంగమునకు తగిన విషయము.

గోధుమయు ఇచ్చటి పంట కాదు. జొన్న, మొక్కజొన్న, వరి పండిన నేల ఇది. 1963లో శంకుస్థాపన జరిగిన పోచంపాడు ప్రాజెక్టు కాకతీయ కాలువ ద్వారా తెచ్చిన నీరును వరినే పెంచినది. అమెరికాతో 1956లో కుదిరిన పి.ఎల్. 480 ఒడంబడిక పిమ్మట దిగుమతి గోధుమ చౌకధరల దుకాణములకు చేరినది. మైదా సులభమైన కొలది గరిజెలును పెరిగినవి, బేకరీలును పెరిగినవి.

మేము గమనించిన ఒక చిత్రము కలదు. బేకరీలో ఆరు నెలలు పనిచేసిన కుర్రవానిని పనివాడు అందుము, కూలి ఇత్తుము. నలుబది సంక్రాంతులు సకినాలు చుట్టి, గరిజెలు ఒత్తిన అమ్మకు ఏమి వచ్చునని అడిగినచో, ఏమియు రాదని ఆమెయే చెప్పును. ఇప్పుడు కరీంనగరము వంటి పట్టణములలో పిండివంటల దుకాణములు వెలసి, ఆ పనికే కిలో లెక్కన వెల కట్టుచున్నారు. విద్యకు విలువ వచ్చినది, సంతోషమే. అయితే కొని తెచ్చుకొనే ఇంటిలో పిల్లకు అంచు మూయుట ఎవరు నేర్పుదురు?

మరియొక వైపు, కొత్త కోడండ్లు కుక్కరు అడుగున ఇసుక పోసి, రబ్బరు వలయము, విజిలు తీసివేసి కేకులు కాల్చుచున్నారు. సర్వపిండి ఎరిగిన అత్తకు ఇందులో అపరిచితమైనది ఏదియు లేదు: మందపు పాత్ర, మూత, సన్నని సెగ. చిన్న విద్యుత్ ఓవెను ఉన్నవారు గరిజెలను అందులో, 180 డిగ్రీలవద్ద ఇరువది నిమిషములవరకు కాల్చి చూచుచున్నారు. నూనె ఖర్చు తగ్గును, రంగు కొంచెము పాలిపోవును, పెంకు బిస్కత్తువలె గుల్లగా వచ్చును. పండుగనాటికి మాత్రము మూకుడే పొయ్యి ఎక్కుచున్నది.