వెలుగు నడచు త్రోవ

అద్దమునందును కొల్లేటి నీటియందును మన ముఖము మన కెట్లు కనబడును? దీనికి నేను చిన్ననాట నేర్చిన సమాధాన మొకటి; ముప్పదియేండ్లు పిల్లలకు బోధించిన సమాధానము వేరొకటి. ఈ రెంటి నడుమనున్న చరిత్రను నేడు కొంత విన్నవించెదను.

మొదటిది తర్కము చదివినవారెల్ల నెరిగినదే. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహము పండితశిక్షణమునకు తొలిమెట్టు. నైయాయికుల మతమున నేత్రేంద్రియము తేజోమయము; అది కిరణరూపమున వెలికేగి వస్తువును తాకును; అద్దమునకు తగిలి మరలివచ్చి మన ముఖమునే గ్రహించును. శ్రోతలారా, దీనిని పరిహసింపకుడు. గ్రీకు గణితజ్ఞులైన యూక్లిడు, టాలెమీలును చూపే వెలికేగునని తలచిరి. చూపు వెడలినను వెలుగు వచ్చినను త్రోవ యొక్కటియే గనుక, అద్దమును గూర్చిన వారి లెక్క తప్పలేదు. తప్పినది దిక్కు.

ఆ దిక్కును మార్చినవాడు క్రీ.శ. 965 ప్రాంతమున బస్రాలో జన్మించిన ఇబ్న్ అల్ హైథమ్. మిక్కుటమైన వెలుగును చూచిన కన్ను నొచ్చును గదా, చూపు మననుండియే వెడలినచో నొప్పి యేల యని యతని ప్రశ్న. దీపములను వరుసగా నుంచి, వాని వెలుగును రంధ్రముగుండ చీకటిగదిలోనికి పోనిచ్చెను. ఒక దీపమును మరుగుపరుపగా దాని కెదురైన మచ్చ యొక్కటియే గోడమీద మాయమయ్యెను. 1604లో కెప్లరు కంటి వెనుకపొరపై బొమ్మ తలక్రిందుగా పడునని నిరూపించెను.

1980, 1990 దశాబ్దములలో బ్రిటిషు ధనసహాయముతో మన రాష్ట్రమున నడచిన ప్రాథమిక విద్యాపథకము, పిల్లలచేత చేయించి నేర్పుడని మాకు బోధించినది. తాడేపల్లిగూడెము చెంత మా బడి తాటాకుపాక యగుటచే పరికరములకు కొరతలేదు. కప్పు కంతనుండి యెండ దిగెడిది. డస్టరు దులిపినచో సుద్దపొడిలో దాని త్రోవ తీగవలె కనబడెడిది. కాగితముపై అద్దపుముక్కను నిలిపి, వచ్చు వెలుగునకు, పోవు వెలుగునకు గీతలు గీయించెడివాడను. రెండుగీతలు కలిసినచోట కాగితమును నిలువున మడచిన, గీత గీతపై పడెడిది. కోణమానిని యక్కర లేదు.

ఒకనాడు మూడవతరగతి బాలిక లేచి, “మాస్టారండీ, మరి పిల్లి కళ్లు రాత్రిపూట మెరుస్తాయి కదండీ?” అనెను. నేను నివ్వెరపోతిని. కంటికి కిరణములు కలవనుటకు న్యాయసూత్రములలో గౌతముడు చూపిన యుపపత్తియు నదియే! రాత్రించరముల కన్నులలో కిరణములు కనబడుచున్నవి గదా యని. సమాధానము చెప్పక, టార్చిలైటుతో చూచి రండంటిని.

మరునాడు వచ్చి, దీపమార్పినచో మెరపు లేదనిరి. పిల్లికంటి వెనుక అద్దమువంటి పొర కలదనియు, పడిన వెలుగునే యది త్రిప్పి పంపుననియు నప్పుడు చెప్పితిని. ఒకడు తమ గేదె కన్నులును మెరసినవనెను. గేదె రాత్రించరము కాదు. సూత్రములో దాని ప్రసక్తి లేదు.