గోరీ

మా నరసన్నపేటలో ఎవరైనా సాగుతున్న పనిని చెడగొడితే ‘గోరీ కట్టేశాడు’ అంటాం. పేపర్లలోనైతే ఆశలకూ హక్కులకూ రోజూ గోరీ కడుతూనే ఉంటారు. ఇంత అందమైన కట్టడం పేరు తిట్టుగా మిగలడం అన్యాయమే.

పారసీలో ‘గోర్’ అంటే సమాధి. సమర్‌ఖండ్‌లో తైమూరు సమాధి పేరు గోర్-ఎ-అమీర్. నీలిపలకల షాహ్-ఎ-జిందా సమాధుల వరస కూడా ఆ ఊళ్లోనే ఉంది. పారసీ మాటలు మనకేమీ దూరం కావు: మన శ్రీకాకుళం ఒకప్పుడు గోల్కొండ ఏలుబడిలో ఉండేది. ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన జామియా మసీదు అక్కడ ఇప్పటికీ ఉంది. రసీదు, దస్తావేజు లాగే గోరీ కూడా పారసీ సొత్తే. ఇప్పుడు అచ్చంగా మనది.

గోల్కొండ సుల్తానుల గోరీలు హైదరాబాదు ఇబ్రహీంబాగ్‌లో ఉన్నాయి. దూరం నుంచి చూస్తే రాయి, సున్నమే కనిపిస్తాయి. 1580లో చనిపోయిన ఇబ్రహీం కుతుబ్ షా గోరీకి దక్షిణపు గోడ దగ్గర మాత్రం తప్పకుండా ఆగాలి. ఒకప్పటి రంగుపలకల ఆనవాళ్లు అక్కడ ఇంకా అంటుకుని ఉన్నాయి. ఇలాంటి పలకల కోసం మట్టిపలకకు గాజుపూత పూసి కాలుస్తారు. ఆ పూతలో రాగి కలిపితే ఆకాశనీలం, కోబాల్టు కలిపితే ముదురు నీలం తేలుతుంది.

తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నది ఈ ఇబ్రహీమునే. అద్దంకి గంగాధరకవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ ఆయనకే అంకితమిచ్చాడు. పిల్లలతో వెళ్లినవాళ్లు ముందు ఆ రంగుపలకల గోడే చూపించాలి.