మన సీమలో స్థానిక పరిపాలనము: రైతు అర్జీ నడచిన దారి

మహాభారతము సభాపర్వమున నారదమహర్షి ధర్మరాజు కొలువునకు వచ్చి రాజ్యక్షేమమును ప్రశ్నించు ఘట్టము కలదు. ఆ ప్రశ్నలలో కోటలు, సేనలు, మంత్రాంగము మున్నగు పెద్ద విషయములు పెక్కు గలవు. వానితోబాటు చిన్నవిగా తోచు ప్రశ్నలును కొన్ని యున్నవి. రాజ్యమున చెరువులు తగిన తావుల నిండుగా నున్నవా? సేద్యము కేవలము వానను నమ్ముకొని యుండలేదు గదా? కష్టములోనున్న కర్షకునకు విత్తనములును, స్వల్పమైన వడ్డీకి అప్పును అందుచున్నవా? లెక్కలు వ్రాయువారు ఆయవ్యయములను ప్రతిదినము పూర్వాహ్ణముననే చూచుకొనుచున్నారా? నేటి పంచాయతి, మండల పరిషత్తు, జిల్లా పరిషత్తుల నిత్యకృత్యము ఇంతకంటె వేరు కాదు. వాన తక్కువై చెరువే ప్రాణమైన నిమ్మనపల్లె వంటి సీమకు ఈ ప్రశ్నలు మరింత దగ్గరివి.

నారదుడు రాజును ముఖాముఖిగా అడుగగలిగెను. సామాన్యుడైన రైతు ఎవరిని అడుగవలెను? ఎంత దూరము పోయి అడుగవలెను? అడిగినదానికి జవాబు చెప్పువాడెవడు? మన స్థానిక పరిపాలన చరిత్రయంతయు ఈ మూడు ప్రశ్నల చుట్టును తిరిగినది.

ప్రాచీనకాలమున గ్రామసభలు లేకపోలేదు. కంచి సమీపమున ఉత్తరమేరూరు దేవాలయమున చోళరాజగు పరాంతకుని కాలపు శాసనములు, క్రీ. శ. 919, 921 సంవత్సరముల నాటివి, నేటికిని నిలిచియున్నవి. పేర్లు వ్రాసిన తాటాకు చీట్లను కుండలో వేసి, చిన్నబాలునిచే తీయించి, చెరువు, తోటలు మొదలగువాని సంఘములకు సభ్యులను ఎన్నుకొనెడివారు. మునుపు సంఘములోనుండి లెక్కలు ఒప్పగింపనివాడును, వాని దగ్గర బంధువులును ఆ చీట్లకు అనర్హులు. అది బ్రాహ్మణాగ్రహారపు సభ. భూమి, చదువు గలవారికే అందు ప్రవేశము. అయినను లెక్క చెప్పనివానికి పదవి లేదన్న నియమము వేయేండ్ల తరువాతను మనము తలదాల్చదగినది.

1800లో నిజాము ఈ ప్రాంతమును కుంపిణీవారికి వదలుకొనెను. థామస్ మన్రో 1807 వరకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా నుండెను. ఆయన పొలములు కొలిపించి, రైతుకును సర్కారుకును నడుమ పాళెగారు లేకుండ ప్రతి రైతునకు వేరువేరుగా శిస్తు కట్టించు రైత్వారీ పద్ధతికి పునాది వేసెను. 1816 నాటి రెగ్యులేషన్లచే గ్రామ మునసబునకు పది రూపాయల లోపు వ్యాజ్యములు తీర్చు అధికారము కలిగెను. కాగితముమీద రైతు సర్కారునకు ఎదురుగా నిలిచెను. కాని ఆచరణలో ఆ సర్కారు ముఖము అతనికి కానరాలేదు. అతనికి కనబడినది గ్రామమున రెడ్డియు కరణమును, కసబాలో తాశీలుదారును, అతని బంట్రోతులును మాత్రమే.

ఈ వ్యవస్థలోని లోపమును మదరాసు ప్రభుత్వము నియమించిన విచారణసంఘమే 1855లో బయలుపరచెను. శిస్తు వసూలునకై రైతులను హింసించుచున్నారను ఆరోపణపై ఏర్పడిన ఆ సంఘమునకు 1,900కు పైగా ఫిర్యాదులు చేరెను. హింస ఉన్నమాట నిజమని సంఘము ఒప్పుకొనెను. అన్యాయము పొందినవారికి న్యాయమేల దొరకకున్నదో గూడ అది విచారించెను. కలెక్టరు కచ్చేరి మిక్కిలి దూరమని చెప్పెను. అచ్చటికి పోయి కాచుకొనుటకు ఖర్చును, పనిచేటును రైతు భరింపలేడని చెప్పెను. అన్నిటికంటె ముఖ్యముగా, వ్రాసి పంపిన అర్జీ విచారణకని మరల తాశీలుదారు వద్దకే వచ్చునన్న భయమును పేర్కొనెను. ఎవనిమీద మొరపెట్టుకొనెనో ఆ మొర వాని చేతికే వచ్చినచో రైతు గతి యేమి? దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడను సామెత ఇట్టి అనుభవములోనుండియే పుట్టియుండును.

దూరమును తగ్గించు ప్రయత్నము మెల్లగా సాగెను. 1871 చట్టముచే లోకల్ ఫండు బోర్డులు ఏర్పడెను. 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనము ప్రజలకు రాజకీయవిద్య యని తీర్మానము గావించెను. 1884 చట్టముచే జిల్లాబోర్డులు, తాలూకాబోర్డులు, యూనియన్లు వెలసినవి. రహదారులు, వంతెనలు, సత్రములు, సంతలు, పాఠశాలలు, వైద్యశాలలు, మశూచికి టీకాలు వీరి పనులు. భూమిపై సెస్సు, సంతగుత్త మున్నగునవి వీరి ఆదాయములు. అయితే చిరకాలము అధ్యక్షపీఠముపై కలెక్టరే కూర్చుండెను. అడుగువాడు సభ్యుడు, చెప్పువాడు దొర!

ఆనాడు మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడప జిల్లాలోనివి. ఎడ్లబండిపై కడపకు పోయిరావలెనన్న రైతునకు దినములు పట్టెడివి. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడగా ఈ రెండు తాలూకాలును అందు చేరినవి. 1920 చట్టములు బోర్డులలో ఎన్నికైనవారి బలమును పెంచినవి. కాని 1934లో తాలూకాబోర్డులను తీసివేయుటచే పల్లెకును జిల్లాకును నడుమనున్న మెట్టు కూలిపోయెను.

ఆ మెట్టు మరల కట్టబడుటకు ఇరువదియైదేండ్లు పట్టెను. బల్వంతరాయ్ మెహతా సంఘము 1957లో చేసిన సిఫారసులననుసరించి, 1959 నవంబరు 1 నుండి ఆంధ్రప్రదేశమున పంచాయతి సమితులు, జిల్లాపరిషత్తులు పని ప్రారంభించినవి. గ్రామముల సర్పంచులే సమితిలో సభ్యులై తమ అధ్యక్షుని తామే ఎన్నుకొనిరి. ఊరిబావికి, బడికప్పునకు, బాటకు సొమ్ము కావలెనన్న జిల్లాకేంద్రము వరకు పోనక్కరలేకపోయెను. 1984 జనవరిలో వంశపారంపర్యముగా వచ్చుచుండిన గ్రామోద్యోగములు రద్దయ్యెను. 1985లో తాలూకాలకు బదులు మండలములు ఏర్పడగా కచ్చేరి మరికొంత చేరువయ్యెను. 73వ రాజ్యాంగ సవరణము 1993 ఏప్రిల్ 24న అమలులోనికి రాగా పంచాయతికి రాజ్యాంగరక్షణము లభించెను. స్త్రీలకును, షెడ్యూల్డు కులములు తెగలవారికిని స్థానములు నిశ్చయింపబడెను. ఉత్తరమేరూరు కుండలో చీటియే లేనివారు ఈనాడు సర్పంచి పీఠముపై కూర్చుండుట ఈ మార్పులన్నిటిలో గొప్పది.

2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయములు ఆరంభమైనవి. 2022 ఏప్రిల్ 4న ఈ ప్రాంతము చిత్తూరునుండి విడివడి అన్నమయ్య జిల్లాలో చేరినది. కడప దారి పట్టిన నాటి రైతు దూరము ఇప్పుడు ఊరి సచివాలయము మెట్లవరకు తగ్గినది.

దూరము తగ్గినను, 1855 నాటి సంఘము చెప్పిన తుది కారణము పూర్తిగా పోలేదు. కలెక్టరు వద్ద సోమవారమున ఇచ్చిన అర్జీ విచారణార్థము పలుమారులు మండల కార్యాలయమునకే తిరిగివచ్చును. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయమున అగ్నిప్రమాదము జరిగి రెవెన్యూ దస్త్రములు కాలిపోగా, తరువాతి దినములలో భూసమస్యల అర్జీలు చేతబట్టుకొని జనులు అధికారుల ముందు బారులు తీరిరి. రైతునకు పొలమెంత ముఖ్యమో, ఆ పొలము తనదని చెప్పు కాగితమును అంతే ముఖ్యమని అందరకును తెలిసినది.

ఇందుకు మందు చట్టములో కొంత కలదు. గ్రామసభలో పంచాయతి ఆయవ్యయములను అడుగు హక్కు ప్రతి ఓటరుకు గలదు. 2005 నాటి సమాచారహక్కు చట్టము ప్రకారము ముప్పది దినములలో జవాబీయవలెను. జవాబు రానిచో అప్పీలు అదే ఉద్యోగికి గాక పైయధికారికి పోవును. పూర్వపు రైతు భయపడిన చిక్కుముడిని ఈ ఒక్క నియమము విప్పినది. కాని హక్కు తెలియనివానికి చట్టమున్నను లేకున్నను ఒకటే.

ఇచ్చటనే గ్రంథాలయము పని మొదలగును. ఇంటిపన్నుతోబాటు గ్రామస్థులు గ్రంథాలయ సుంకమును చెల్లించుచున్నారు. కావున ఇది వారి సొత్తు. భారత భాగవతముల ప్రక్కన పంచాయతిరాజ్ చట్టమును, గ్రామపు ఏటి పద్దు ప్రతిని గూడ ఇచ్చట నుంచవలెను. చదువనేర్చినవాడు చదువనేరనివానికి అర్జీ వ్రాసిపెట్టి, నకలుంచుకొని, తేదీ వేయించి రసీదు తీసికొనుట నేర్పవలెను. నారదుడు రాజును అడిగిన ప్రశ్నలను గ్రామస్థుడు తన సర్పంచిని, కార్యదర్శిని, మండలాధికారిని మర్యాద తప్పక, జంకు లేక అడుగగలిగిననాడు ఈ రజతోత్సవము సార్థకమగును.