రైలు దిగిన పిల్లల ప్రేమకథలు

పందొమ్మిదో శతాబ్దపు పల్లె. అమ్మానాన్నలు లేని పిల్ల. ఆ పిల్లను చేరదీసిన ఇంట్లోనే మెల్లగా పుట్టే ప్రేమ, దానికి ఊతంగా దేవుడిమీద నమ్మకం. అమెరికా క్రైస్తవ పాఠకులు ఏళ్లుగా ఆదరిస్తున్న ఇలాంటి చారిత్రక నవలలు ఎన్నిటికో మూలం రైల్వే స్టేషన్లలో ఉంది.

1850ల న్యూయార్క్‌లో వేలమంది పిల్లలు వీధుల్లోనే బతికేవారు. వలస వచ్చిన కుటుంబాలను రోగాలూ పేదరికమూ చెల్లాచెదురు చేశాయి. చార్లెస్ లోరింగ్ బ్రేస్ అనే మతబోధకుడు 1853లో చిల్డ్రన్స్ ఎయిడ్ సొసైటీ పెట్టాడు. అనాథాశ్రమం కన్నా రైతు ఇల్లు మేలని ఆయన నమ్మాడు. అందుకే ఆ పిల్లలను రైళ్లలో పల్లెలకు పంపసాగాడు. 1854లో వాళ్ల మొదటి జట్టు మిషిగన్‌లోని డోవజియాక్ చేరింది. 1929 దాకా సుమారు 2 లక్షలమంది అలా తరలివెళ్లారు.

దిగిన ఊళ్లో చర్చిలోనో నాటకశాలలోనో వాళ్లను వరసగా నిలబెట్టేవారు. కొందరు రైతులు కండలు తడిమి చూసేవారు. అన్న ఒక ఇంటికి, చెల్లెలు ఇంకో ఇంటికి. కొందరికి నిజంగానే అమ్మానాన్నలు దొరికారు, కొందరు జీతంలేని పాలేర్లయ్యారు. దత్తతకు న్యాయమూర్తి ఆమోదం ఉండాలన్న చట్టం మసాచుసెట్స్‌లో 1851లోనే వచ్చినా, ఈ పిల్లల్లో చాలామందికి చట్టప్రకారం దత్తత జరగనే లేదు.

1979లో కెనడా రచయిత్రి జెనెట్ ఓక్ 'లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ' అనే నవల రాసింది. అందులో ఈ రైళ్లు లేవు. భర్త పోయిన గర్భిణి మార్టీ, భార్య పోయిన క్లార్క్‌ను పెళ్లాడుతుంది. కారణం ప్రేమ కాదు, అతని చిన్నకూతురు మిస్సీకి అమ్మ కావాలి. ముందు బిడ్డ, తర్వాత మనసు. ఈ వరసే ఆ తర్వాతి ఎన్నో నవలలకు బాట వేసిందని నా అభిప్రాయం. లక్షల ప్రతులు అమ్ముడైన ఆ పుస్తకం తర్వాత, 1990లలో జేన్ పీర్ట్ ఈ రైళ్లమీదే నవలల వరస రాసింది. 2017లో జోడీ హెడ్‌లండ్ కూడా అదే దారి పట్టింది.

చరిత్ర విడదీసిన అన్నాచెల్లెళ్లను నవల కలిపితే పాఠకుడిగా నాకు సంతోషమే. కానీ రైలెక్కిన వాళ్లలో చాలామందికి న్యూయార్క్‌లో తల్లో తండ్రో బతికే ఉన్నారు. కూలి చాలక, జబ్బుపడి, బిడ్డను వదులుకున్న ఆ తల్లి ఈ కథల్లో తరచుగా మొదటి అధ్యాయంలోనే చనిపోతుంది. ఆమెను బతకనిచ్చి, పెంచిన తల్లి ఎదుట నిలబెట్టే నవల చదవాలని నాకుంది.