ఇద్దరు వీరాస్వాములూ, ఒక మధ్యాహ్న భోజనం

మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ హోటలు మెట్లెక్కి ఎరగరు. "ఎవరు వండారో, ఏ చేత్తో వండారో తెలియని అన్నం నోట్లోకి ఎలా పోతుందే?" అనేవారావిడ. తీర్థయాత్రలకి బయల్దేరినా సరే, ఒక సంచీలో కిరసనాయిలు స్టౌ, ఇంకో సంచీలో బియ్యం, కందిపప్పు, చింతపండు ఉండాల్సిందే. కాశీలో అయిదు రోజులున్నాం. ఆవిడ గంగ ఒడ్డున కూచున్నదానికన్నా, పప్పు ఉడికిందా లేదా అని స్టౌ ముందు కూచున్నదే ఎక్కువ.

మా కాలానికి కాస్త నయం. కోడళ్ళం హోటలుకి వెళ్ళేవాళ్ళం. అయితే "ఫ్యామిలీ రూము"లోకి మాత్రమే. మాసిన పచ్చ పరదా వెనకాల కూచుని, దొంగసొమ్ము పంచుకుంటున్నట్టు మసాలా దోసె పంచుకు తినేవాళ్ళం. అదీ సాయంత్రం టిఫినుకే. మధ్యాహ్నం భోజనానికి హోటలుకి వెళ్ళారంటే ఆ ఇంటి ఇల్లాలు జబ్బుపడిందనో, పుట్టింటికి వెళ్ళిందనో అర్థం. పక్కింటివాళ్ళు చూస్తే, "ఏం వదినగారూ, ఇవాళ పొయ్యి వెలిగించలేదా?" అని ఆరా తీసేవారు.

అలాంటి ఇంట్లోంచి వచ్చిన నేను, అరవై దాటాక, 2019లో లండన్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. మావారూ నేనూ ఓ రోజు బ్రిటిష్ మ్యూజియం చూడ్డానికి బయల్దేరాం. ఇంటినుంచి కట్టుకెళ్ళిన పులిహోర పదకొండింటికే అయిపోయింది. అంత పెద్ద మ్యూజియం అంతా తిరిగితే ఒంటిగంటకి కడుపులో ఎలకలు పరిగెత్తవూ మరి! కనబడ్డ హోటల్లో దూరాం. దాని పేరెందుకు లెండి. కూరగాయల సూపు అని రాసి ఉంటే నమ్మి తెప్పించుకున్నాం. రెండు చెంచాలు తాగాక మావారికి అనుమానం వచ్చి అడిగితే, కోడి ఎముకలు ఉడకబెట్టిన నీళ్ళతో చేశారని తేలింది. "అందులో ముక్కల్లేవు కదమ్మా!" అన్నట్టు చూసింది వడ్డించిన పిల్ల. ఆ పిల్ల తప్పేముంది? దాని లెక్కలో ముక్క లేకపోతే మాంసం లేనట్టే. డబ్బు చెల్లించి బయటపడి, పార్కు బెంచీ మీద కూచుని చెరో రొట్టె ముక్కా, ఓ ఆపిలు పండూ తిన్నాం.

"మా అమ్మే నెగ్గింది" అన్నారు మావారు నిట్టూరుస్తూ.

ఆ బెంచీ మీద నాకు గాంధీగారు గుర్తొచ్చారు. 1888లో, పంతొమ్మిదేళ్ళ వయసులో, మాంసం ముట్టనని తల్లికి మాటిచ్చి ఆయన ఆ ఊళ్ళోనే దిగారు. శాకాహారం పెట్టే చోటు కోసం రోజుకి పది పన్నెండు మైళ్ళు కాళ్ళరిగేలా తిరిగేవాట్ట. ఎక్కడో చవక హోటల్లో కడుపునిండా రొట్టె తిన్నా తృప్తి ఉండేది కాదట. చివరికి ఫారింగ్డన్ వీధిలో ఒక శాకాహార హోటలు కనబడింది. ఇంగ్లండులో అడుగుపెట్టాక తృప్తిగా తిన్న మొదటి భోజనం అదేనని తన ఆత్మకథలో రాసుకున్నారు. తల్లికిచ్చిన మాట నిలబెట్టిన అన్నం కదా, రుచిగా ఉండకేం చేస్తుంది!

సాయంత్రం మా అవస్థ విని మా అమ్మాయి పడీ పడీ నవ్వింది. "శనివారం మిమ్మల్ని నేనే తీసికెళ్తానమ్మా" అంది. అన్నట్టే రీజెంట్ స్ట్రీటుకి తీసికెళ్ళి, పక్కనున్న స్వాలో స్ట్రీట్ అనే సందులోకి తిప్పింది. అక్కడ ఒక గుమ్మం మీద ఇంగ్లీషు అక్షరాల్లో "వీరాస్వామి" అని ఉంది.

నేను ఠక్కున ఆగిపోయాను. "ఇదేమిటే, మన ఏనుగుల వీరాస్వామిగారు ఇక్కడ హోటలెప్పుడు పెట్టారు?" అన్నాను.

నవ్వకండి. తెలుగులో యాత్రల గురించి చదివినవాళ్ళకి వీరాస్వామి అంటే ముందు ఆయనే కదా తట్టేది! మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. దాదాపు వందమంది పరివారం, పల్లకీ, డేరాలు. దారిలో మన హైదరాబాదు మీదుగానే వెళ్ళారు. ఆ విశేషాలన్నీ స్నేహితుడికి రాస్తూ పోతే, 1838లో అవే "కాశీయాత్ర చరిత్ర" అనే పుస్తకమయ్యాయి. ఆడవాళ్ళకి నచ్చే సంగతి అందులో ఒకటుంది. ప్రతి మజిలీలోనూ సరుకులు దొరుకుతాయా, దుకాణాలున్నాయా, నీళ్ళు మంచివేనా, దిగడానికి వసతి ఉందా అని ఆయన ఓపిగ్గా రాశారు. పరాయి ఊళ్ళో మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి కోటలకన్నా కందిపప్పే ముఖ్యమని ఆయనకి తెలుసు. మా అత్తగారి స్టౌ సంచీకి ఆయన డేరాలే పెద్దన్నలు!

అయితే లండన్ వీరాస్వామి వేరు. ఆయన అసలు పేరు ఎడ్వర్డ్ పామర్. ఊరేదంటారు? మన హైదరాబాదే!

ఈ కథ మొదలు వెతకడానికి లండన్ దాకా పోనక్కర్లేదు. మా దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి ఊళ్ళోకి ఒక్క స్టేషను వెళితే చాలు, మూసారాంబాగ్ వస్తుంది. ఈ మూసారాం ఎవరో అనుకునేరు, నిజాం సైన్యంలో ఫ్రెంచి పటాలాలకి అధిపతి అయిన రేమండ్ దొర. ఫ్రెంచివాళ్ళు "ముస్సే రేమండ్" అంటే మనవాళ్ళ నోట్లో అది మూసారాం అయింది. ముస్లిములు మూసా రహీం అనుకున్నారు. ఎవరి దేవుణ్ణి వాళ్ళు అతికించుకున్నారన్నమాట! ఆయన 1798 మార్చిలో పోయాడు. సమాధి ఆస్మాన్‌గఢ్ గుట్టమీద ఉంది. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లీషు రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ ఆ ఫ్రెంచి సైన్యాన్ని ఆయుధాలు దింపించి పంపేశాడు. అక్కణ్ణుంచి నిజాం కొలువులో ఇంగ్లీషువాళ్ళ మాటే చెల్లుబాటయింది.

ఆ రోజుల్లోనే నిజాం కొలువులో చేరినవాడు విలియం పామర్. తండ్రి కంపెనీవారి జనరల్, ఆయన పేరూ విలియం పామరే. తల్లి ఫైజ్ బక్ష్ అనే పెద్దింటి ముస్లిం స్త్రీ. కొడుకు కొన్నాళ్ళకి సైన్యం వదిలేసి హైదరాబాదులో వడ్డీవ్యాపారం కోఠీ తెరిచాడు. నిజాం ప్రభుత్వానికే లక్షలకి లక్షలు అప్పులిచ్చాడు. ఆ వడ్డీల మీద గొడవలు రేగి, 1824లో కోఠీ దివాలా తీసింది. అయినా ఊరు వదలకుండా 1867లో పోయేదాకా ఇక్కడే ఉన్నాడు. ఏనుగుల వీరాస్వామిగారు పల్లకీలో మన ఊరికి వచ్చేనాటికి ఈయన కూడా ఈ ఊళ్ళోనే ఉన్నాడన్నమాట.

లండన్ వెళ్ళిన ఎడ్వర్డ్ పామర్, ఆ జనరల్ పామరు ఫైజ్ బక్ష్‌ల మునిమనవడు. 1880 ప్రాంతంలో వైద్యం చదవడానికి వెళ్ళాట్ట. రోగాలకి మందిస్తాడనుకుంటే బెంగకి మందిచ్చాడు. 1896లో మసాలా దినుసులూ, పచ్చళ్ళూ అమ్మే కంపెనీ పెట్టాడు. వాటి మార్కా ఏమిటనుకున్నారు, "నిజాం"! 1924, 25 సంవత్సరాల్లో వెంబ్లీలో బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శన జరిగితే, ఇండియా మంటపంలో భోజనశాలకి ఈయనే పెద్దదిక్కు. ప్రదర్శనకి రెండున్నర కోట్లకు పైగా జనం వచ్చారు. ఆ ఊపుతో 1926లో రీజెంట్ స్ట్రీటులో "వీరాస్వామి" తెరిచాడు.

పామర్ అన్న ఇంటిపేరు ఉండగా వీరాస్వామి ఎందుకయిందంటే, అది ఆయన నాయనమ్మ తరఫు పేరని చెబుతారు. నాకు ఇక్కడ భలే సంతోషమేసింది. తాతముత్తాతల జనరల్ బిరుదులూ, కోఠీలూ ఏవీ బోర్డు మీదికెక్కలేదు. నాయనమ్మ పేరు ఎక్కింది. అన్నం పెట్టే చోటికి అన్నం పెట్టినవాళ్ళ పేరే కదా పెట్టాలి!

లండన్‌లో మన వంట అమ్మిన మొదటివాడు మాత్రం ఈయన కాడు. పాట్నాలో పుట్టిన దీన్ మహమ్మద్ 1810లోనే జార్జి స్ట్రీటులో "హిందూస్తానీ కాఫీ హౌస్" పెట్టాడు. పాపం, 1812కల్లా దివాలా తీశాడు. ఇండియాలో సంపాదించుకొచ్చిన దొరల ఇళ్ళల్లో వంటవాళ్ళున్నారు, బయట తినడం ఎవరికవసరం? ఆయన బ్రైటన్ వెళ్ళి తలంట్లూ, మర్దనాలూ చేసే స్నానశాల పెట్టి, ఇంగ్లండు రాజులకే మర్దనా చేసేంతవాడయ్యాడు. మనం వాడే షాంపూ మాట ఇంగ్లీషువాళ్ళకి మన దేశపు "చంపీ"నుంచి వెళ్ళిందే.

పామరు నాటికి కాలం మారింది. ఇండియాలో ముప్ఫయ్యేళ్ళు కలెక్టర్లుగా, కర్నళ్ళుగా వెలిగి, పెన్షను పుచ్చుకుని ఇంటికెళ్ళిన దొరలు బోలెడుమంది. అక్కడ "కోయీ హై?" అంటే పలికేవాడు లేడు. ఉప్పూ కారం లేని ఉడకబెట్టిన కూర నోటికి పోదు. వాళ్ళంతా తలపాగాలు చుట్టిన నౌకర్ల చేత వడ్డించుకుని తినడానికి వీరాస్వామికి పోయేవారట. చూశారా చిత్రం! పరాయి దేశంలో మనవాడు పెట్టిన హోటలు, మనవాళ్ళ ఆకలికన్నా ముందు దొరల బెంగ తీర్చింది. సొంత ఊళ్ళో కూచునే వాళ్ళు పరాయివాళ్ళయిపోయారు.

ఇంతకీ లోపలికి వెళ్ళామా అంటే, వెళ్ళాం. 2016లో ఆ హోటలుకి మిషెలిన్ నక్షత్రం వచ్చిందని మా అమ్మాయి గర్వంగా చెప్పింది. ధరలు చూస్తే ఆకాశంలో నక్షత్రాలే కనబడ్డాయి! మావారు ఆ అంకెని రూపాయల్లోకి మార్చబోతే, "నాన్నా, ఇవాళ లెక్కలొద్దు" అని అమ్మాయి కార్డు లాక్కుంది.

ఒక సంగతి చెప్పనా? తినేటప్పుడు నాకు గుర్తున్నది రుచి కాదు. నేను కూచుంటుంటే ఒకబ్బాయి కుర్చీ జరిపాడు. ముందు నాకు వడ్డించాడు. తరవాత మావారికి. పెళ్ళయిన నలభై ఏళ్ళలో మధ్యాహ్నం పూట అందరికంటే ముందు నా కంచంలో అన్నం పడ్డది ఆ రోజే. చెయ్యి ఆడలేదు. గరిటె ఎక్కడుందా అని చూస్తున్నాను. "తినమ్మా" అంది అమ్మాయి. గొంతు పట్టేసింది. కారం ఎక్కువైందని అబద్ధమాడాను.

మా అత్తగారు గుర్తొచ్చారు. ఎవరు వండారో తెలియని అన్నం తిననన్న ఆవిడకి, ఇంకొకరు వండి వేడివేడిగా వడ్డిస్తే తినే అదృష్టం మేం ఎన్నిసార్లు కలిగించాం? ఆచారం అనుకున్నాంగానీ, ఆవిణ్ణి ఎప్పుడైనా, "మీరు కూచోండి, నేను పెడతాను" అన్నానా? అన్నట్టు గుర్తులేదు.

తిరిగొచ్చాక మా దిల్‌సుఖ్‌నగర్‌ని కొత్తగా చూశాను. ఇక్కడి హాస్టళ్ళలో ఉండి, మెస్సుల్లో తిని, కంప్యూటరు కోర్సులు నేర్చుకుని విమానం ఎక్కిన పిల్లలెందరో! వాళ్ళ పెట్టెల్లో ఆవకాయా, కందిపొడీ. ఏనుగుల వీరాస్వామిగారి వంశం ఇంకా అంతరించలేదనుకున్నాను.

మొన్న ఎల్.బి.నగర్ చౌరస్తా దగ్గర పనిమీద వెళ్ళి, మధ్యాహ్నమైతే ఒక చిన్న మెస్సులో కూచున్నాం. పరదా లేదు, ఫ్యామిలీ రూమూ లేదు. ఎదురు బల్ల దగ్గర ఒరిస్సానుంచి కట్టడం పనికి వచ్చిన కుర్రాడు ఒకడు, పప్పుచారు ఒక్క ముద్ద కలిపి, ఆ పులుపుకి మొహం అదోలా పెట్టాడు. ఆ మొహం నాకు బాగా తెలుసు. లండన్‌లో సూపు ముందు నాదీ అదే మొహం. మెస్సు నడిపే ఇల్లాలు అది చూసి, ఏమీ అడక్కుండా లోపలికెళ్ళి ఉడికించిన బంగాళాదుంప ఇంత ఉప్పూ, పచ్చిమిరపకాయా, ఆవనూనె చుక్కా వేసి నలిపి తెచ్చి వాడి కంచంలో పెట్టింది. "వీళ్ళకిది ఇష్టమమ్మా, నేర్చుకున్నా" అంది నాతో. వాడు తలొంచుకుని గబగబా తినేశాడు.

ఆ మెస్సుకి బోర్డు లేదు. ఉంటే ఏ పేరు పెట్టాలో నాకు తెలుసు.

చెయ్యి కడుక్కుంటుంటే మావారు, "రేపు ఆదివారం నువ్వు కూచో. నేను వండి పెడతాను" అన్నారు. పెట్టారు కూడా. పప్పులో ఉప్పు మర్చిపోయారు. నేను చెప్పలేదు.