కాన్సర్‌పై ప్రోటాను బాణం

రాంట్‌జన్ 1895లో ఎక్స్-కిరణాలను కనుగొన్న కొద్దికాలానికే వైద్యులు వాటిని కాన్సర్ కంతులపై ప్రయోగించి చూశారు. కంతులు కరిగాయి. కానీ ఒక చిక్కు వచ్చిపడింది. ఎక్స్-కిరణాలు కంతి దగ్గర ఆగవు. దారిలోని మంచి కణాలనూ, కంతి వెనుకనున్న కణాలనూ దెబ్బతీస్తూ శరీరాన్ని దాటిపోతాయి. మరి కంతి మెదడులోనో, వెన్నుపాము పక్కనో ఉంటే?

ఈ ప్రశ్నకు సమాధానం చూపినది వైద్యుడు కాదు, భౌతిక శాస్త్రవేత్త. ఆయన పేరు రాబర్ట్ విల్సన్. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలోని లాస్ అలమోస్‌లో అణుబాంబు తయారీలో పాల్గొన్నాడు. యుద్ధం ముగిసిన మరుసటి సంవత్సరమే, 1946లో, ప్రోటానులతో కాన్సర్‌కు చికిత్స చేయవచ్చని ఒక వైద్య పత్రికలో వ్యాసం రాశాడు.

ప్రోటానుల ప్రత్యేకత ఏమిటి? 1904లో విలియం బ్రాగ్ ఆల్ఫా కణాలపై ప్రయోగాలు చేస్తూ ఒక విషయం గమనించాడు. విద్యుదావేశం గల కణం వేగంగా పోతున్నప్పుడు తక్కువ శక్తిని, ఆగిపోయే ముందు ఎక్కువ శక్తిని వదులుతుంది. ప్రోటానులూ అంతే. ఎంత లోతున ఆగాలో వాటి శక్తిని బట్టి నిర్ణయించవచ్చు. 70 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాను శరీరంలో సుమారు 4 సెంటీమీటర్ల లోతున ఆగితే, 200 మిలియన్ వోల్టులది సుమారు 26 సెంటీమీటర్ల వరకు పోతుంది. ఆగిన చోటుకు అవతల ప్రభావం దాదాపు శూన్యం!

1954లో అమెరికాలోని బర్క్‌లీలో తొలిసారి రోగులకు ఈ చికిత్స చేశారు. 1961 నుంచి హార్వర్డ్ సైక్లోట్రాన్‌లో 9 వేలమందికి పైగా చికిత్స పొందారు. అయినా ఆసుపత్రి కోసమే నిర్మించిన తొలి యంత్రం లోమా లిండాలో 1990లో గానీ పనిచేయలేదు. ఇంత ఆలస్యం ఎందుకు? బాణం ఉన్నా గురి కనిపించాలి కదా! శరీరం లోపలి భాగాలను పొరలు పొరలుగా చూపే సి.టి. స్కాన్‌తో మొదటి రోగిని పరీక్షించినది 1971లో. పైగా ఇవి భారీ యంత్రాలు, ఖర్చూ భారీయే.

మన దేశంలో ఈ చికిత్స 2019లో చెన్నైలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మొదలైంది. 2023లో నవీ ముంబైలోని టాటా మెమోరియల్ కేంద్రంలోనూ ప్రారంభమైంది.

అలాగని ఇది సర్వరోగ నివారిణి కాదు. ఎదిగే వయసు పిల్లలకు, మెదడు, కన్ను, వెన్నెముక సమీపంలోని కంతులకు దీని ప్రయోజనం ఎక్కువ. ప్రోస్టేట్ కాన్సర్ విషయంలో మాత్రం ఎక్స్-కిరణ చికిత్సకూ దీనికీ చెప్పుకోదగ్గ తేడా లేదని 2024లో వెల్లడైన ఒక అమెరికా పరిశోధన తేల్చింది. కొత్త యంత్రం అనగానే ఉన్న పొలం అమ్ముకుని పరుగెత్తనక్కరలేదు. అది మన జబ్బుకు అవసరమా కాదా అని కాన్సర్ నిపుణుణ్ణి అడగాలి. ఈలోగా దగ్గరలో దొరికే చికిత్సను వాయిదా వేయకూడదు. తొలి దశలో గుర్తిస్తే ఎన్నో కాన్సర్‌లు మామూలు చికిత్సలతోనే నయమవుతాయి. విద్యార్థులు తమ ఇంట్లో, ఊళ్ళో పెద్దలకు ఈ మాట చెప్పాలి.