లండన్ రక్షిత దృశ్యాలు

లండన్ రక్షిత దృశ్యాలు అనగా, లండన్ నగరములోని ప్రముఖ చారిత్రక కట్టడాలు కొన్ని నిర్ణీత బహిరంగ స్థలాల నుండి ప్రజలకు కనిపిస్తూ ఉండేలా నగర ప్రణాళిక ద్వారా కాపాడబడుతున్న దృశ్యాలు. సెయింట్ పాల్ కెథడ్రల్, వెస్ట్‌మినిస్టర్ ప్యాలెస్ (పార్లమెంటు భవనము), లండన్ టవర్ ఇందులో ముఖ్యమైనవి. కట్టడమును మాత్రమే కాపాడితే చాలదని, దానికి ముందూ వెనుకా ఉన్న ఖాళీని కూడా కాపాడవలెనన్నది ఈ విధానమునకు మూలసూత్రము.

చరిత్ర

క్రిస్టఫర్ రెన్ రూపకల్పన చేసిన సెయింట్ పాల్ కెథడ్రల్ నిర్మాణము 18వ శతాబ్దపు తొలినాళ్ళలో పూర్తయినది. శిలువ కొన వరకు దీని ఎత్తు 365 అడుగులు (111 మీటర్లు). 1960ల వరకు లండన్‌లో ఇదే అన్నిటికంటె ఎత్తైన భవనము.

1930లలో థేమ్స్ నది సమీపాన నిర్మించిన ఫారడే బిల్డింగ్, యూనిలీవర్ హౌస్ అను భవనాలు నది వైపు నుండి కెథడ్రల్‌ను కొంతమేర కప్పివేసినవి. అపుడు కెథడ్రల్ సర్వేయరు గాడ్‌ఫ్రే ఆలెన్, పరిసరాలలో ఏ చోట ఎంత ఎత్తు వరకు కట్టవచ్చునో సూచించే పట్టికను తయారుచేసినాడు. 'సెయింట్ పాల్స్ హైట్స్' అను ఈ నియమావళి 1937 నుండి అమలులో ఉన్నది. మొదట ఇది చట్టము కాదు, నిర్మాణదారులు సమ్మతితో పాటించిన పెద్దమనుషుల ఒప్పందము మాత్రమే. తరువాతి కాలములో స్థానిక ప్రణాళికలో భాగమైనది.

1940 డిసెంబరు 29 రాత్రి జరిగిన జర్మన్ బాంబు దాడిలో, పొగల నడుమ చెక్కుచెదరక నిలిచిన గుమ్మటమును హెర్బర్ట్ మేసన్ ఛాయాచిత్రములో బంధించినాడు. అప్పటినుండి ఆ గుమ్మటము నగరవాసుల ధైర్యమునకు చిహ్నమైనది.

1991లో ప్రభుత్వము 10 వ్యూహాత్మక దృశ్యాలను ప్రకటించినది. వీటిలో 8 సెయింట్ పాల్‌కు, 2 వెస్ట్‌మినిస్టర్ ప్యాలెస్‌కు సంబంధించినవి. 2007లో లండన్ మేయరు 'లండన్ వ్యూ మేనేజ్‌మెంట్ ఫ్రేమ్‌వర్క్'ను వెలువరించినాడు. 2012 నాటి సవరణ ప్రకారము ఇందులో 27 దృశ్యాలు కలవు.

దృశ్యాలలో రకాలు

* విశాల దృశ్యాలు (6): ప్రిమ్‌రోజ్ హిల్, గ్రీనిచ్ పార్కు వంటి ఎత్తైన ప్రదేశాల నుండి కనిపించేవి.
* సరళరేఖా దృశ్యాలు (3): ఇరుకైన సందు గుండా ఒకే కట్టడము కనిపించేవి.
* నదీ దృశ్యాలు (13): వంతెనల మీది నుండి, నది ఒడ్డు నుండి కనిపించేవి.
* పట్టణ దృశ్యాలు (5): పార్లమెంట్ స్క్వేర్ వంటి చోట్ల కనిపించేవి.

అమలు విధానము

చూసే స్థానము నుండి కట్టడము వరకు పటముపై ఒక దృష్టి మార్గమును గీస్తారు. ఆ మార్గములో ఎక్కడ ఎంత ఎత్తు దాటరాదో లెక్కగడతారు. ఆ హద్దును మించే భవనమునకు అనుమతి నిరాకరించవలెనన్నది నియమము. మార్గమునకు ఇరుప్రక్కలా, కట్టడమునకు వెనుకా ఉన్న ప్రాంతములో ఎత్తైన భవనాల ప్రతిపాదనలను ప్రత్యేకముగా పరిశీలిస్తారు.

స్థానిక దృశ్యాలు సైతము భవనాల ఆకృతిని మార్చగలవు. 2014లో పూర్తయిన లెడెన్‌హాల్ బిల్డింగ్ ఇందుకు ఉదాహరణ. ఫ్లీట్ స్ట్రీట్ నుండి చూచినపుడు కెథడ్రల్ గుమ్మటమునకు ఇబ్బంది కలగకుండా ఆ భవనము యొక్క ఒక ముఖమును పైకి పోయేకొద్దీ ఏటవాలుగా వెనుకకు వంచినారు. అందువలననే దానికి 'చీజ్ గ్రేటర్' (జున్ను తురిమే పరికరము) అను పేరు వచ్చినది.

రిచ్‌మండ్ పార్కు వివాదము

రిచ్‌మండ్ పార్కులోని కింగ్ హెన్రీస్ మౌండ్ అను దిబ్బ మీది నుండి, పొదల కంచెలోని సందు గుండా చూస్తే సుమారు 16 కిలోమీటర్ల దూరములోని సెయింట్ పాల్ కెథడ్రల్ కనిపిస్తుంది. 2016లో, కెథడ్రల్‌కు చాలా వెనుకగా స్ట్రాట్‌ఫర్డ్‌లో నిర్మాణములో ఉన్న 42 అంతస్తుల భవనము ఈ దృశ్యములో గుమ్మటము వెనుక ప్రత్యక్షమైనది. దృష్టి మార్గమునకు ఏ అడ్డూ లేదు, కాని ఆకాశము నేపథ్యముగా స్పష్టముగా కనిపించే గుమ్మటపు రూపురేఖ మసకబారినది. ఆ స్థలము రక్షిత పరిధికి ఆవల ఉండుటయే ఇందుకు కారణము. నిరసనలు వ్యక్తమైనా భవనము పూర్తయినది.

విమర్శలు

ఈ నియమాల వలన నగర మధ్యములో స్థలము వృథా అవుతున్నదని, గృహవసతి కొరత ఉన్న నగరములో ఇది తగదని కొందరి వాదన. దృశ్యము ఎవరి సొంతమూ కాదు కనుక దానిని కాపాడే బాధ్యత ప్రణాళికదేనని, ఒకసారి మూసుకుపోయిన దృశ్యము ఆ భవనము ఉన్నంత కాలము తిరిగి రాదని సమర్థకులు అంటారు.

ఇతర నగరాలు

జర్మనీలోని డ్రెస్డెన్ ఎల్బే లోయ, నదిపై కొత్త వంతెన నిర్మాణము కారణముగా 2009లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితా నుండి తొలగించబడినది. ఎత్తైన భవనపు ప్రతిపాదన వలన వియన్నా చారిత్రక కేంద్రము 2017లో ప్రమాదములో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో చేరినది.